మంగళం దగ్గర ఆగిపోయే సర్వర్

కరోనా తరువాత ఆఫీసులు మళ్ళీ మనుషులతో నిండిన ఏడాది, మాఘమాసంలో, మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నెట్‌వర్క్ ఆపరేషన్స్ మేనేజర్‌గా నా ఆఖరి నెలలు నడుస్తున్నాయి. హోదా పెద్దదే గానీ పని అప్పటికే చేతుల్లోంచి జారిపోయింది. రిటైరయ్యే మనిషిని కంపెనీ కొత్త అల్లుడిలా చూస్తుంది. కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, ఏ పనీ ముట్టుకోనివ్వరు. నా కింద పనిచేసిన శిరీష నా బాధ్యతలన్నీ తీసుకుంది. ప్రొద్దుటూరు పిల్ల, మాటలో మొహమాటం ఉండదు. మీటింగుకి నేను వెళ్ళి కూర్చుంటే, "సార్, మీరు రెస్టు తీసుకోండి, మేం చూసుకుంటాం గదా" అనేది. ఆ మర్యాద నాకు ఒళ్ళు మండించేది.

మా వృత్తి గురించి తెలియనివారికి ఒక మాట. కంపెనీ కంప్యూటర్లు ఒకదానితో ఒకటీ, బయటి లోకంతోనూ మాట్లాడుకునేలా చూడటం మా పని. అవి మాట్లాడుకుంటున్నంత కాలం మేమొకళ్ళం ఉన్నామని ఎవరికీ గుర్తుండదు. ఆగాయంటే మాత్రం అందరూ మా పేరే తలుచుకుంటారు. ఏది ఆగినా ముందు టికెట్ తెరవాలి, అంటే ఫిర్యాదు నమోదు చేయాలి. తీవ్రతను బట్టి దానికొక స్థాయి ఇవ్వాలి. బాగుచేశాక, ఎందుకు ఆగిందో తేల్చి మూలకారణ నివేదిక రాయాలి. ఆ నివేదికలు రాయడంలో నాకు కాస్త పేరుండేది. పేరుకు మించిన గర్వమూ ఉండేది.

అలా ఈగలు తోలుకుంటున్న రోజుల్లో మల్లేశ్ నా దగ్గరికొచ్చాడు. మా ఆఫీసులో ఫెసిలిటీస్ సూపర్‌వైజర్. ఏసీలు, లిఫ్టులు, ఉద్యోగుల క్యాబ్‌లు అతని చేతి కిందే. తెల్లారకముందే డ్యూటీకి వచ్చే మనిషి. వాళ్ళది తరతరాలుగా ఖాజాగూడ. అద్దాల మేడలు లేచినా, చెరువు పక్క సందులో వాళ్ళ పాత ఇల్లు అలాగే ఉంది.

"సార్, జర ఒక పని పడ్డది మీతోని. ఆఫీసుది గాదు, ఇంటిది," అన్నాడు. ఇంటిదైనా సరే, పని అన్న మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది.

సంగతి ఇదీ. మల్లేశ్ తండ్రి కొమురయ్య ఒగ్గు కథకుడు. డోలు, తాళాల నడుమ మల్లన్న కథను పాడుతూ, ఆడుతూ చెప్పేవాడు. ఏటా ఈ రోజుల్లో వాళ్ళింటి వాకిట్లో పట్నం, అంటే రంగుల ముగ్గు, వేసి మల్లన్న పెళ్ళి చేస్తారు. ఆ కథ ఇంటివాళ్ళే చెప్పాలి. బయటి మేళాన్ని పిలిస్తే వంశానికే తలవంపులట. కొమురయ్యకు కిందటేడు గొంతు ఆపరేషన్ అయింది. కొద్దికొద్దిగా పాడుకోవచ్చని డాక్టరు చెప్పినా ఆయన పూర్తిగా మానేశాడు. పాడి, అది బాగులేదని తెలుసుకోవడం కంటే పాడకపోవడమే నయమనుకున్నాడేమో. ఈసారి కథ చెప్పాల్సింది ఆయన తమ్ముడి కొడుకు యాదగిరి. మా కంపెనీకే క్యాబ్ నడుపుతాడు. డోలు, తాళం వాయించేవాళ్ళు హఫీజ్‌పేట్‌లో ఉండే బంధువులు. అందరూ ఉద్యోగాల వాళ్ళే. కొమురయ్య పాత క్యాసెట్లు విని నేర్చుకోవాలి. పెళ్ళికి ఎక్కువ రోజుల్లేవు.

క్యాసెట్లను ఎవరిచేతో కంప్యూటర్‌లోకి ఎక్కించారు. వాటిని తలా ఒక కాపీ ఫోన్లో వేసుకుంటే సరిపోతుందిగా అన్నాను. దానికి ముసలాయన ఒప్పుకోలేదట. కథ ఇల్లు దాటి పోకూడదు, వినేవాడే కథ దగ్గరికి రావాలి, ఎక్కడ పడితే అక్కడ మొదలుపెట్టకూడదు, నడుస్తున్న కథను నడుస్తున్నట్టే వినాలి అన్నాడట. మా భాషలో దీన్ని లైవ్ స్ట్రీమింగ్ అంటారు. కొమురయ్యకు ఆ మాట తెలియదు గానీ డిజైన్ మాత్రం ఆయనదే.

అందుకని మల్లేశ్ అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ ఒకటి కొని, దానికొక స్పీకరు తగిలించి ముందుగదిలో పెట్టాడు. అది ఇంటి రేడియో స్టేషన్ అన్నమాట. స్పీకర్లో ఏ కథ నడుస్తుంటే అదే ఇంటర్నెట్ ద్వారా యాదగిరి ఫోన్లోనూ రావాలి. ఇంట్లో బ్రహ్మాండంగా వస్తోంది. గడప దాటితే రావడం లేదు.

ఆ మొదటి చిక్కు విప్పడం నాకు నల్లేరు మీద బండి నడక. కాలనీకి కేబుల్ ఆపరేటరు ఇచ్చే ఇంటర్నెట్‌లో ఇంటింటికీ సొంత చిరునామా ఉండదు, వీధి మొత్తానికీ కలిపి ఒకటే ఉంటుంది. బయటినుంచి వచ్చిన పిలుపు ఏ ఇంటికి పోవాలో తెలియక వీధి మొగలోనే నిలబడిపోతుంది. అందుకని మల్లేశ్ మిషనే బయటికి ఫోన్ చేసినట్టుగా ఒక అద్దె సర్వర్‌తో లైను కలిపి ఉంచేలా, వినేవాళ్ళంతా ఆ అద్దె సర్వర్ దగ్గరికి వచ్చేలా ఏర్పాటు చేశాను. మిషన్ ఆగితే నా ఫోన్‌కు అలర్ట్ వచ్చేలా కూడా పెట్టాను. పొద్దున కాఫీతో పాటు నా డెస్కు దగ్గర పరీక్షించాం. ఖాజాగూడలో కొమురయ్య పాత గొంతు, మాదాపూర్‌లో నా చెవిలో, ఖంగుమని. మల్లేశ్ రెండు చేతులూ జోడించాడు. నేను వద్దు వద్దంటూనే ఆ దండం పూర్తిగా స్వీకరించాను.

ఆ సాయంత్రం యాదగిరి వచ్చి, "ఏం వస్తలేదు సార్," అన్నాడు.

పొద్దున చూస్తే వస్తుంది. మధ్యాహ్నం దాటాక అలర్ట్ వస్తుంది. సాయంత్రం, అంటే మేళం వాళ్ళకు తీరికయ్యే వేళకు, మిషన్ చచ్చి పడుంటుంది. మర్నాడు పొద్దున మళ్ళీ శుభ్రంగా పాడుతుంది. రోజూ ఇదే వరస.

నేను రంగంలోకి దిగాను. టికెట్ తెరిచాను. స్థాయి ఒకటి, అంటే కొంపలంటుకున్నట్టు లెక్క. ఖాజాగూడ ముందుగదిలోని ఒక స్పీకరుకు ఆ స్థాయి ఇచ్చినందుకు శిరీష నన్ను వింతగా చూసింది. మా ఆచారం ప్రకారం మల్లేశ్‌కు మొదటి ప్రశ్న వేశాను: మిషన్‌ను ఎవరైనా ముట్టుకున్నారా? భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే ఉద్యోగాలకు పోతారు. పగలంతా ఇంట్లో ముసలాయన ఒక్కడే. ఆయన్ని అడిగితే, "మిషన్ నేనెందుకు ముడుత?" అని కసురుకున్నాడట. అయినా జాగ్రత్త కోసం గట్టిగా ఆజ్ఞాపించాను. సాయంత్రం వచ్చేసరికి చచ్చిపోయి ఉన్నా సరే, నేను చెప్పేదాకా దానిమీద ఎవ్వరూ చెయ్యి వేయకూడదు, సాక్ష్యం చెడిపోతుంది అన్నాను. పాపం, మల్లేశ్ దాని పక్కన ఊడవడం కూడా మానేశాడు.

ముందు కేబుల్ ఆపరేటర్ మీద పడ్డాను. ఏ చిక్కొచ్చినా బయటివాణ్ణి అనుమానించడం మా వృత్తిలో తొలి మెట్టు. లైన్ల మీద రద్దీ పెరుగుతోందేమోనని ఆయన్ని నిలదీశాను. "మల్లేశ్ ఇంట్ల టీవీ వస్తుందా? ఫోన్ నడుస్తుందా? మరి గదొక్కటే నడవకపోతె నా తప్పెట్లయితది సారూ?" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉన్నందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

తరువాత కరెంటును అనుమానించాం. "సార్, దినామ్మూ సచ్చి మళ్ళా లేస్తాందంటే అది దెయ్యమన్నా అయ్యుండాల, కరెంటన్నా అయ్యుండాల," అని శిరీష తేల్చేసింది. అప్పటికి ఆమెకూ పట్టుదల వచ్చింది. ఇన్వర్టర్ లైనుకు మార్పించాం. ఫలితం లేదు.

ఒక పొద్దున నేనే ఖాజాగూడ వెళ్ళాను. కొమురయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. గుబురు మీసం, మెడకు మఫ్లరు. మంచం వెనక గోడకు పెద్ద డోలు వేలాడుతోంది. దాని చాటు నుంచి వైరు మిషన్‌కు వచ్చింది. స్పీకర్లో ఆయన గొంతే కథ చెబుతోంది, ఆయన ఎదురుగా కూర్చుని వింటున్నాడు. నేను పలకరిస్తే వేలు పెదవి మీద పెట్టి, కథ నడుస్తుంటే మాట్లాడొద్దన్నట్టు సైగ చేశాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నన్నెవరూ అంత తేలిగ్గా నోరు మూయించలేదు. వైర్లన్నీ చూశాను, మిషన్ వేడెక్కిందేమో తాకి చూశాను. అంతా సలక్షణంగా ఉంది. ఆఫీసు వేళయిందని వచ్చేశాను.

చివరికి శిరీషే ఆధారం పట్టింది. మిషన్ తాను చేసిన ప్రతి పనినీ ఎప్పటికప్పుడు రాసి పెట్టుకుంటుంది. దాన్ని లాగ్ అంటాం. రోజు రోజుదీ తీసి నా ముందు పరిచింది. "చూడండి సార్, పొద్దు మార్తాది గానీ పాట మారల్యా. ప్రతిసారీ ఈ ఆఖరి పాట అయిపోతానే సస్తాంది."

ఆ ఆఖరి పాట మంగళం. కథంతా అయ్యాక పాడేది. అది ముగిసీ ముగియగానే మిషన్ ఆగిపోతోంది. నాకు ఒళ్ళు జలదరించింది. ఇలాంటిది మా పుస్తకాల్లో ఉంది. ఫైలు లోపల పాడైపోతే దాన్ని చదివే ప్రోగ్రాం ఒక్కోసారి మిషన్‌నే పడగొడుతుంది. క్యాసెట్ తెప్పించి మంగళాన్ని కొత్తగా ఎక్కించాం. మళ్ళీ చచ్చింది. ఇంకో పద్ధతిలో ఎక్కించాం. ఊహూఁ. చివరికి మంగళం ఫైలునే తీసేశాం. మంగళం అయ్యాక మళ్ళీ మొదటికి రావలసిన కథ, ఇక మంగళం లేకుండానే మొదటికి వచ్చేలా పెట్టాం.

ఆ రోజు అలర్ట్ రాలేదు. సాయంత్రం కథ నడుస్తూనే ఉంది. యాదగిరి క్యాబ్ పార్కింగ్‌లో చెవులకు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, స్టీరింగ్ మీద దరువు వేస్తూ కనబడ్డాడు. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. సర్వీసులో ఆఖరి మూలకారణ నివేదిక రాశాను. "మూలకారణం: మంగళం ఆడియో ఫైలు పాడైపోవుట. పరిష్కారం: తొలగింపు." ఎందుకైనా మంచిదని పై అధికారులకు కూడా పంపాను. జవాబు రాలేదు, అది వేరే సంగతి.

మంగళం లేకపోతే ఎలాగని యాదగిరిని అడిగాను. "మంగళమెంతసేపు సార్! ఎవలకైన వస్తది," అన్నాడు. డోలు వాయించేవాళ్ళనడిగితే, యాదగిరికి వస్తదిగా అన్నారు. నేను అక్కడితో ఊరుకున్నాను. అందరికీ వస్తుందనుకున్న పని ఎవరికీ రాదన్నది ఆఫీసులో నేనే పదిమందికి బోధించిన సూత్రం.

మల్లేశ్ రోజూ పొద్దున శుభవార్త తెచ్చేవాడు. "బాపు మిషన్ ముందునుంచి కదుల్తలేడు సార్. అన్నం సుత ఆడనే. సాయంత్రం హోటల్‌కు చాయ్‌కి పొయ్యేటోడు, గదీ బంద్ చేసిండు. కూసున్నకాడనే కునుకు తీస్తుండు." మంగళం ఫైలు ఖరాబైందని సారు తేల్చారని చెప్తే ఏమన్నాడని అడిగాను. "మొఖం అటు దిప్పుకున్నడు సార్." పాత జ్ఞాపకాలు కదా, మనసు కదిలి ఉంటుందన్నాను. నా వల్ల ఒక కళాకారుడు తన కథలో తానే లీనమై కూర్చున్నాడని లోలోపల మురిసిపోయాను కూడా.

పెళ్ళి ఆదివారం పొద్దున. నన్నూ శిరీషనూ పిలిచారు. వాకిట్లో రంగు రంగుల పొడులతో పట్నం వేశారు. అందరి నుదుటా పసుపు బండారి. ముందుగదిలో మిషన్ సన్నగా తన కథ తాను చెప్పుకుంటూనే ఉంది. యాదగిరి మొదట్లో కొంచెం తడబడ్డా, డోలు అందుకోగానే దారిలో పడ్డాడు. గొంతు, ఆట, మధ్యలో నవ్వించడం అన్నీ క్యాసెట్‌లో కొమురయ్యే. ముసలాయన గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. మల్లేశ్ నా వైపు చూసి చెయ్యెత్తాడు. నేను హుందాగా తలాడించాను.

మల్లన్న పెళ్ళయింది. కర్పూరం పళ్ళెంలో వెలిగింది. ఇక మంగళం.

యాదగిరి, డోలు వాయించే అతని వైపు చూశాడు. డోలు అతను తాళం అతని వైపు చూశాడు. తాళం అతను చూడటానికి ఎవరూ లేక నా వైపు చూశాడు. డోలు మాత్రం ఆపకుండా కొడుతున్నారు. యాదగిరి మొదటి మాట ఎత్తుకుని, రెండోది దొరక్క, మళ్ళీ మొదటిదే ఎత్తుకున్నాడు. ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మంగళం లేకపోతే మొక్కు చెల్లదని ఎవరో గొణిగారు. మల్లేశ్ ముఖం పాలిపోయింది. ఆ ఫైలు తీసేయమన్నది నేనే.

కొమురయ్య లేచాడు. మెడకున్న మఫ్లరు తీసి భుజాన వేసుకున్నాడు. నేరుగా నా వైపే చూశాడు.

"నా మంగళం ఖరాబైందని పెద్దసారు రాసిండ్రంట. ఏదీ, ఇగ వినుండ్రి."

పాడాడు. క్యాసెట్‌లోని ఖంగుమనే గొంతు కాదది. సన్నగా, గరగరగా ఉంది. ఒకచోట తెగింది కూడా. తెగినచోట ఊపిరి తీసుకుని, తాళం తప్పకుండా అందుకున్నాడు. ఒక్క మాట పొల్లుపోలేదు. యాదగిరి వెనకనుంచి శ్రుతి కలిపాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పక్కన శిరీష ముక్కు ఎగబీలుస్తూ, పొగ సార్, కర్పూరం పొగ అంది.

మంగళం ముగిసింది. హారతి కళ్ళకద్దుకున్నారు. కొమురయ్య డోలు దగ్గరికెళ్ళి దాని తాళ్ళు వదులు చేశాడు. గోడకుండే పెద్ద డోలు అదే. ఆ తరువాత మఫ్లరు సర్దుకుంటూ లోపలికి నడిచాడు. మంచం వెనక, ఇప్పుడు డోలు లేని గోడ మీద, ఒక స్విచ్‌బోర్డు ఉంది. టక్కున స్విచ్ ఆపాడు. లోపల కథ ఆగిపోయింది. నా జేబులో ఫోన్ మోగింది. సర్వర్ పడిపోయిందని అలర్ట్.

"అయ్యో, అదెందుకు ఆపారండీ?" అన్నాను.

"కథ ఒడిసింది గదా సారూ," అన్నాడు, ఇంత కూడా తెలియదా అన్నట్టు. "మంగళం పాడినంక డోలు తాళ్ళు ఇప్పాలె. దీనికి తాళ్ళు లేవాయె. స్విచ్చే ఉన్నది."

"రోజూ ఇలాగే ఆపేవారా?"

"మరి? మంగళమైనంక గూడ ఒర్లుకుంట ఉండనిస్తరా? పొద్దుగాల దీపం పెట్టి మళ్ళ నేనే ఏసేటోన్ని. మీరు మంగళం తీసేసిన కాడినుంచి చూడుండ్రి నా గతి! కథ ఒడవదు, ఒడవకుంట లేస్తె తప్పు. చాయ్ నీళ్ళకు మొకం వాసిన సారూ!"

మల్లేశ్ తల పట్టుకున్నాడు. "బాపూ! ముట్టినవా అని అడిగితె ముట్టలేదంటివి గదా!"

"మిషన్ ముట్టినవా అని అడిగినవు. దాని సంగతి నాకేమెరుక? అది నేను ముట్టనే ముట్టలె. స్విచ్ బంద్ చేసిన. ఖరాబ్ ఎవలు చేసిండ్రని అందరడిగిరి గని, రోజు దీన్ని చూసుకునేటోడెవడని ఒక్కలన్న అడిగిరా?"

అని చెప్పులు తొడుక్కుని, పెళ్ళిభోజనాలు మొదలవుతున్నా ఆగకుండా, హోటల్‌కు చాయ్ తాగడానికి పోయాడు. శిరీష పట్నం పక్కనే కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. కాసేపటికి నేనూ నవ్వాను, వేరే దారి లేదు గనక.

సోమవారం నివేదికను సవరించి మళ్ళీ పంపాను. మూలకారణం దగ్గర ఒకే వాక్యం: "కథ అయిపోయింది." ఈసారి మాత్రం పైవాళ్ళ నుంచి జవాబు వచ్చింది, నా ఆరోగ్యం ఎలా ఉందని. మంగళం ఫైలును తిరిగి దాని చోట పెట్టాం. యాదగిరికి వచ్చే ఏటికి మంగళం రావాలి గదా, మరి సాయంత్రం ఎలా వింటాడని కొమురయ్యనే అడిగాను. అయితే కథ పొద్దున కాదు, సందెదీపం పెట్టినప్పుడు ఎత్తుకుంటానన్నాడు. అంతే. రోజుల తరబడి మేం వైర్లు మార్చి సాధించలేనిది ఒక్క మాటతో తెమిలింది. చాయ్ మాత్రం అంతకుముందే తాగి వస్తానన్నాడు.

మిగిలిన కొద్దిరోజుల సర్వీసులో చేసిన పని ఒక్కటే చెప్పుకోదగ్గది. మా టికెట్ పత్రంలో మొదటి ప్రశ్న, "దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?" అన్నది కొట్టేయించి, "దీన్ని రోజూ చూసుకునేది ఎవరు?" అని పెట్టించాను. ముట్టుకున్నారా అంటే జవాబెప్పుడూ లేదనే వస్తుంది. చూసుకునేవాళ్ళను అడిగితే, సగం టికెట్లు తెరవాల్సిన పనే ఉండదు.